బొగ్గుట్టలో ‘మనం’ ఎవరం?

నిరుడు ఎండాకాలం ఇల్లెందు బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకున్నాడు. మేము కథలూ వ్యాసాలూ రాస్తామని ఆయనకు ఎవరో చెప్పారట. “మన ఇల్లెందు గురించి రాయాలె తమ్మీ. బాయిలు బందైనయి. పోరగాళ్లు హైదరాబాద్ పట్టిన్రు. ఇట్లనే పోతే కొన్నేండ్లకు ఇక్కడ ఇంత పెద్ద ఊరు ఉండెనని కూడా ఎవరికీ తెల్వది” అన్నాడు. రాస్తాం కాకా అన్నాం. బయటికి వచ్చి నాలుగడుగులు వేశామో లేదో మాలో మాకే పేచీ మొదలైంది. ఆయన ‘మన ఇల్లెందు’ అన్నాడు, మేము తల ఊపాం. నిజంగా అది మనదేనా?

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. మేము అంటే ఎదుటి మనిషి ఆవల ఉంటాడు. మనం అంటే ఆయన్ని కూడా కలుపుకున్నట్టు. రోజుకు నూరుసార్లు ఈ రెండు మాటలూ వాడతాం, ఎప్పుడూ ఆగి ఆలోచించం. ఆ రోజు ఆగాల్సి వచ్చింది. ఒక ఊరి గురించి మాట్లాడేటప్పుడు గూడెం మనిషి, గని కార్మికుడు కలిసి ‘మనం’ అనుకోవచ్చా? అనుకుంటే ఎవరు ఏం మరిచిపోవాల్సి వస్తుంది? ఈ వ్యాసం ఆ పేచీలోంచి పుట్టిందే.

ఇల్లెందు కథను అందరూ ఒకేలా మొదలుపెడతారు. భద్రాచలం పోయే భక్తులు దారిలో ఆగి, మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి వంట చేసుకుంటే, కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. ఆ కబురు దొరల చెవిన పడిందట. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ వచ్చి ఇక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. ఒక బొగ్గు పొరను ఇప్పటికీ ఆయన పేరుతో ‘కింగ్ సీమ్’ అంటారు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం దగ్గర తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ వైపు నుంచి రైలు పట్టాలు వచ్చాయి. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది, 1945లో నిజాం సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుంది. సింగరేణికి ఇల్లెందు పుట్టినిల్లు అని అందుకే అంటారు.

ఈ కథలో భక్తులు ఉన్నారు, దొర ఉన్నాడు, నిజాం ఉన్నాడు. అప్పటికే అక్కడ ఉన్నవాళ్లు మాత్రం లేరు. భక్తులు ఆగిన చోటు ఎవరి పోడు? వాళ్లు నీళ్లు తెచ్చుకున్న వాగు ఏ గూడెం వాగు? ఆ నల్లరాయి మా పెద్దలకు కనబడలేదా అని కొందరు అడుగుతారు, అడవిలో ఉండీ కనిపెట్టలేకపోయారే అన్నట్టు. కనబడే ఉంటుంది. అడవి నిండా కట్టె ఉన్నవాడికి కాలే రాయితో పనేముంది? అక్కరలేని దాన్ని అక్కరలేదని వదిలేయడాన్ని తెలివితక్కువతనంగా రాసుకోవడం చరిత్రకు అలవాటు.

పేర్ల సంగతీ అంతే. నిజాం కాలపు కాగితాల్లో ఈ ఊరు ఇల్లెందులపాడు. జనం నోట బొగ్గుట్ట. కంపెనీ పేరుకు తీసుకున్న సింగరేణి మాత్రం కారేపల్లి దగ్గరున్న వేరే ఊరు. ఇల్లెందుకు పక్కన టేకులపల్లి మండలంలో ఓపెన్‌కాస్ట్ గని ఒకటుంది, దాని పేరు కోయగూడెం ఓపెన్‌కాస్ట్. కోయగూడెం పేరు గనికి మిగిలింది. లారీల మీద, బోర్డుల మీద, బొగ్గు లెక్కల్లో ఆ మాట రోజూ కనబడుతుంది. ఏదైనా కులం పేరుతో ఉన్న వీధిని కొట్టేసి, అక్కడ కట్టిన మేడకు ఆ కులం పేరే పెడితే ఎలా ఉంటుందో మాకూ అలానే ఉంటుంది. అయినా ఆ పేరు తీసేస్తామంటే ఒప్పుకోం. అదొక్కటైనా ఉండనీ.

ఇప్పుడు అసలు గీత దగ్గరికి వస్తాం.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో హైదరాబాద్ రాష్ట్రంలో షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించారు. అప్పటికి ఇల్లెందు తాలూకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ తాలూకాలోని ఊళ్లన్నీ షెడ్యూల్డ్ ప్రాంతమే అని రాసి, కొన్నింటిని మాత్రం మినహాయించారు: ఇల్లెందు, సింగరేణి, సిర్పూరు గ్రామాలు, కొత్తగూడెం పట్నం. అంటే చుట్టూ ఏజెన్సీ, నడుమ ఒక రంధ్రం. బొగ్గు తీసిన చోటు ఆదివాసుల చోటు కాదని కాగితం మీద తేలిపోయింది. అడవి పోయి, గూడెం పోయి, గని వచ్చి, బజారు వచ్చి, అన్నీ అయ్యాక సర్కారు వచ్చి చూసి, ఇది ఇప్పుడు పట్నం కదా అంది. ముందు మార్చేయడం, మారింది కాబట్టి మీది కాదనడం. మాకు ఇందులో ఉన్న తర్కం ఈ రోజుకీ మింగుడు పడదు.

ఆ గీత కంటికి కనబడదు. గుండాల నుంచి బస్సెక్కి ఇల్లెందు వస్తుంటే ఏ చెట్టు దగ్గర ఏజెన్సీ ఆగిందో ఎవరూ చెప్పలేరు. దాని పని మాత్రం గట్టిగా జరుగుతుంది. గీతకు అవతల, 1959 నాటి భూబదిలీ నిబంధనలూ వాటిని గట్టిచేసిన 1970 నాటి ఒకటో రెగ్యులేషనూ వర్తిస్తాయి. మేము 1/70 అని పిలుచుకునేది దాన్నే. అక్కడ గిరిజనేతరుడు భూమి కొంటే చెల్లదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. గీతకు ఇవతల అంగట్లో ఉప్పు కొన్నట్టు కొనుక్కోవచ్చు. ఒకే నేల, ఒకే వాన. చట్టం ఒక చోట భూమిని తాతల సొత్తుగా చూస్తుంది, నాలుగడుగుల అవతల ప్లాటుగా చూస్తుంది.

ఇంతవరకు రాశాక మాలో చిన్నవాడొకడు, “అయితే లెక్క తేలిపోయింది కదా. ఊరు వాళ్లది కాదు, మనది. రాసేద్దాం” అన్నాడు. అంత తేలిగ్గా ఉంటే మేము ఆ పెద్దాయన ముందు తల ఊపేవాళ్లమే కాదు.

బాయిలోకి దిగింది ఎవరు? మాలో కోయ పెద్దలు దిగలేదనే చెబుతారు. భూమి పండుగ చేసి, అమ్మను అడిగి, అప్పుడు గానీ విత్తనం వేయనివాళ్లు నేల కడుపులోకి మందుగుండు పట్టుకుని ఎలా దిగుతారు అనేవారు. అందులో భక్తి ఎంతో భయం ఎంతో మేము తూచలేం. దిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. తెలంగాణ మైదాన పల్లెల నుంచి, కోస్తా వైపు నుంచి, ఉత్తరాది నుంచి కూడా. వాళ్లలో చాలామంది దళితులు. ఊళ్లో దొర గడి ముందు వెట్టి చేసినవాళ్లకు, పిలిస్తే అర్ధరాత్రి లేచి పోవాల్సినవాళ్లకు, తట్టా చెమ్మాస్ పట్టుకుని చీకట్లో బొగ్గు నింపడం కూడా విడుదలలాగే కనబడింది. అక్కడ షిఫ్టుకు గంట ఉంది. పనికి కూలి ఉంది. కూలికి చీటీ ఉంది. బాయి పైకప్పు కూలి చచ్చేవాళ్లు చచ్చారు, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో మిగిలినవాళ్లు మిగిలారు. అయినా తిరిగి పల్లెకు పోలేదు. ఎందుకు పోలేదో అర్థం చేసుకోవడానికి మేము దళిత రచయితలు రాసినవి చదవక్కర్లేదు, చాయ్ దుకాణంలో ఆ పెద్దాయన చెప్పిన ఒక్క మాట చాలు: “మా నాయన ఇక్కడికి వచ్చినంక ఎవని ముందటా చెప్పులు ఇడువలె.”

ఆ మనిషిని ఆక్రమణదారు అనాలంటే మాకు నోరు రాదు. అతను రావాలని నిర్ణయించింది అతను కాదు. గని ఎక్కడ తవ్వాలో అతన్ని ఎవరూ అడగలేదు, మమ్మల్ని అడగనట్టే. అతని తర్వాత వచ్చి, వడ్డీకి ఇచ్చి, అప్పు కింద చెలకలు రాయించుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల మీద మాకు చాలా కోపం ఉంది, దాచుకోం. సంతలో ఇప్పపువ్వు, చింతపండు, జిగురు తెచ్చిన ఆడవాళ్ల ముందు తక్కెడ ఎలా వంగేదో మా ఇళ్లలో ప్రతి ముసలామెకూ తెలుసు. అయితే ఊళ్లో ఉన్న ప్రతివాణ్నీ ‘బయటోడు’ అనే ఒకే గంపలో వేస్తే, తక్కెడ పట్టినవాడూ తట్ట మోసినవాడూ ఒకటైపోతారు. అది అన్యాయం. పైగా అలా కలిపేస్తే లాభం తక్కెడ పట్టినవాడికే, తట్ట మోసినవాడి వెనక దాక్కుంటాడు.

ఇంకో ముల్లు కూడా ఉంది, అది మా ఇంట్లోదే. మేము అంటున్నాం గానీ, ఈ పుస్తకంలో రాసేవాళ్లలో కోయలున్నారు, లంబాడీలున్నారు. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్ట సవరణతో. దాని మీద మా రెండు తెగల మధ్య నడుస్తున్న గొడవ చదివేవాళ్లందరికీ తెలుసు. దాన్ని ఇక్కడ తీర్చబోవడం లేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: ముందొచ్చినవాడిదే ఊరు అన్న కొలత ఒక్కటే పెట్టుకుంటే, ఆ కొలత ఇల్లెందు బజారు దగ్గర ఆగదు. తండాల దాకా వస్తుంది, ఈ పుస్తకం నడిమధ్య నుంచి చింపుకుంటూ పోతుంది. పట్నంవాళ్లకు ఒక కొలత, మాలో మాకు ఇంకో కొలత పెట్టుకోవడం సిగ్గుచేటు.

మరి ఇప్పుడు ఊరు ఎందుకు ఖాళీ అవుతోంది? ఊరి కింది భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కంపెనీ పెద్ద ఆఫీసు ఎప్పుడో కొత్తగూడెం పోయింది. భూగర్భ గనికి మనుషులు కావాలి, ఓపెన్‌కాస్ట్‌కు యంత్రాలు కావాలి. సింగరేణి మొత్తంలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేలు. ఈ కాలంలోనే బొగ్గు ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరిగింది. బొగ్గు పెరిగింది, మనుషులు తగ్గారు. ఇల్లెందులాంటి ఊళ్ల జనాభా కథంతా ఈ రెండు ముక్కల్లో ఉంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి, ఎంతమంది పోయారో సర్కారు లెక్కకు కూడా దొరకలేదు. మూతపడిన క్వార్టర్ల తలుపులే లెక్క.

పనిలో ఉన్నవాడిని శ్రీరాంపూరుకో, మణుగూరుకో, సత్తుపల్లికో బదిలీ చేస్తారు. వాడు సామాను వ్యానుకెత్తుకుని పోతాడు. కిరాణా కొట్టువాడు, బడి ముందు బఠాణీలు అమ్మే ఆమె, టైలరు మాత్రం ఉండిపోతారు. ఊరు చుట్టూ మట్టి గుట్టలు లేచాయి, ఓబీ గుట్టలంటారు. బొగ్గుట్ట అనే పేరు ఇప్పుడు వేరే రకంగా సరిపోయింది. ఆ మట్టి ఎత్తిపోసే కాంట్రాక్టర్ల దగ్గర డంపర్లు నడిపేది మా గూడేల, తండాల పిల్లలే. తాతల పోడు నేలను మనవడు డంపర్‌లో ఎత్తిపోస్తున్నాడు, రోజు కూలికి. వాణ్ని ఏమనగలం? ఇంట్లో బియ్యం వాడి కూలి మీదే వస్తున్నాయి.

వారసత్వం గురించి కూడా చెప్పాలి, మా వాదనలో బరువంతా ఇక్కడే ఉంది. సింగరేణిలో తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇచ్చే పద్ధతి చాలాకాలం ఉండేది. అది ఆగిపోయాక, తిరిగి తెస్తామని 2016లో ప్రకటన వచ్చింది. 2017లో హైకోర్టు కొట్టేసింది. సర్కారు కొలువు తండ్రి ఆస్తి కాదు, అందరికీ సమాన అవకాశం ఉండాలి అన్నది దాని సారం. న్యాయంగా చూస్తే తప్పుపట్టలేం. మా పిల్లలు కూడా ఆ కొలువులకు పోటీపడేవాళ్లే కదా. కానీ ఆ రోజుల్లో ఇల్లెందులో కార్మికుల ఇళ్ల ముందు దుఃఖం చూశాం. తండ్రి ఊపిరితిత్తులు బాయికిచ్చాడు, కొడుక్కి ఏం మిగిలింది అని వాళ్లడిగారు. ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా వస్తే, దాన్ని అమ్మకూడదు, బదిలీ చేయకూడదు, వారసులకు మాత్రం వస్తుంది. ఆ పట్టా కింద ఉన్న బొగ్గు సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాన్ని అమ్మడమే పని, వారసత్వంగా ఎవరికీ రాదు. పైన అమ్మరాని నేల, కింద అమ్మకానికే ఉన్న రాయి. రెండూ ఒకే చోట ఉన్నప్పుడు ఇంతవరకు ఎప్పుడూ కిందిదే గెలిచింది. 1997లో సమత తీర్పు వచ్చినప్పుడు మేము సంబరపడ్డాం. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వరాదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ తలుపు మూయలేదు. తవ్వేది మన సర్కారే కదా అన్నారు. మళ్లీ అదే ‘మన’.

ఈ మాట మమ్మల్ని ఎందుకు గుచ్చుతుందో 2021 డిసెంబరు చెబుతుంది. కోయగూడెం మూడో బ్లాకుతో సహా నాలుగు బొగ్గు బ్లాకులను కేంద్రం వేలానికి పెడితే, సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. గనులు ప్రైవేటుకు పోకూడదన్న మాటలో మేమూ వాళ్ల వైపే. అయితే ఆ మూడు రోజులూ మేము విన్నంతలో, బొగ్గు సింగరేణి తవ్వాలా ప్రైవేటువాడు తవ్వాలా అన్నదే చర్చ. అసలు తవ్వాలా అని గూడెం గ్రామసభను అడగాలి అన్న మాట మా చెవిన పడలేదు. 1996 పెసా చట్టం ఉంది, గ్రామసభ ఉంది. జెండాలు పట్టినవాళ్లలో మాకు తెలిసినవాళ్లు, మంచివాళ్లు, మా పెళ్లిళ్లకు వచ్చి భోంచేసినవాళ్లు ఉన్నారు. చెడ్డతనంతో మరిచారని అనం. వాళ్ల ‘మన కోయగూడెం’లో కోయలు గుర్తుకురాలేదు, అంతే.

మాలో కొందరికి ఇప్పుడు పట్నం ఖాళీ అవుతుంటే లోలోపల ఒక తృప్తి ఉంది. ఇప్పుడు తెలిసిందా అన్న తృప్తి. కింద ఉన్నదాని కోసం పైన ఉన్నవాణ్ని లేపేస్తే ఎలా ఉంటుందో, అయిపోయాక వదిలేస్తే ఎలా ఉంటుందో చూడండి అని. ఈ వ్యాసం రాసే ముందు ఆ తృప్తిని బయటపెట్టి మాట్లాడుకున్నాం, దాచితే ఇంకా కుళ్లుతుందని. అది న్యాయం కాదని మా నిర్ణయం. ఎదుటివాడికి నష్టం జరిగినంత మాత్రాన మా నష్టం తీరదు, ఒక్క చెట్టు కూడా తిరిగి రాదు.

అట్లాగని అందరం నిర్వాసితులమే అని చేతులు కలిపేసుకుని ఫోటో దిగడం కూడా మాకు ఇష్టం లేదు. రెండు దుఃఖాలూ నిజమే, బరువు ఒకటి కాదు. బదిలీ మీద పోయేవాడికి పోయిన చోట కూడా గని ఉంటుంది, క్వార్టరు ఉంటుంది, తెలిసిన యూనియన్ ఉంటుంది. గూడెం లేస్తే వరుసగా కట్టిన కాలనీ ఇస్తారు. అందులో వేల్పుకు చోటుండదు, తునికాకుకు అడవి ఉండదు, పెద్దల పేర పాతిన రాళ్లు వెంట రావు. ఈ తేడాను ఒప్పుకున్నవాడితోనే ‘మనం’ అనగలం. వాడు ఊరు ఖాళీ చేసిపోవాలని అడగం. మాకు ముందు ఇక్కడ ఎవరున్నారు అని ఒకసారి అడగాలి, ఇకముందు నేల తవ్వే మాట వచ్చినప్పుడు గూడేన్ని ముందుగా అడగాలి అంటాం, అంతే. మేము కూడా వాళ్ల శ్మశానాన్ని చూసి, వీళ్ల చావులూ ఈ నేలలోనే ఉన్నాయని ఒప్పుకోవాలి. ఇది చాలా తక్కువ కోరిక అని మాలో సగం మంది అంటున్నారు. ఎక్కువే అని మిగతా సగం.

ఈ ముసాయిదా పట్టుకుని పోయినవారం మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాం. చదివి వినిపించాం. గీత సంగతి ఆయనకు తెలియదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. సమ్మె సంగతి వచ్చినప్పుడు కొంచెం ముఖం చిట్లించాడు గానీ అడ్డం రాలేదు. అంతా అయ్యాక చాలాసేపు ఊరకుండి, “మా నాయన రైలు దిగినప్పుడు ఈడ ఎవలున్నరో నేనెన్నడు అడుగలే” అన్నాడు. తర్వాత గుట్ట వైపు చూపించి, “బొగ్గుట్ట అన్నది మేము పెట్టుకున్న పేరే గద. మీ కోయ భాషల దీన్ని ఏమనెటోళ్లు?” అని అడిగాడు.

మాలో ఎవరికీ తెలియలేదు. గూడెంలో ముసలివాళ్లను అడిగి చెప్తాం కాకా అన్నాం.